లేని ఆర్డరు

ఇంకో గంట. నాలుగింటికల్లా మా కంపెనీ హాల్లో రెండు వందో కెమెరా పూర్తవుతుంది, ఒక్క స్క్రూ తప్ప. ఆ ఒక్కటీ కొన్నవాళ్ళ మనిషి వచ్చి తన చేత్తో బిగించాలని మేస్త్రి ముచ్చటపడ్డాడు, అందరూ ఉతికిన ఏప్రన్లు వేసుకుని బల్ల చుట్టూ నిలబడి ఫొటో దిగాలని కూడా. నేను సరేనన్నాను, అనక ఏం చేస్తాను, ఈ రెండున్నర నెలలుగా నా నోటికి సరే తప్ప ఇంకో మాట రావడం లేదు. కానీ కొన్నవాళ్ళు లేరు. వాళ్ళ మనిషి లేడు. అసలు ఆర్డరే లేదు. పూర్తయిన నూట తొంభై తొమ్మిది కెమెరాల్లో నూట ఎనభై ఏడు ఇదిగో ఈ గదిలో, మూడేళ్ళ కింద పోయిన మా అత్తయ్య మంచం మీదా, మంచం కిందా, ఆవిడ బట్టల బీరువాలోనూ ఉన్నాయి. మిగతా పన్నెండూ కారు డిక్కీలో దుప్పటి కింద ఉన్నాయి. ఈ పెట్టెల మధ్య కాస్త చోటు చేసుకుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, నేల మీద కూర్చున్నాను నేను, ఊరికి పేరు తెచ్చిన కెమెరా కంపెనీ యజమానురాలిని, నాలుగో తరగతిలో మార్కుల కాగితం దాచిన పిల్లలాగా. కింద వరండాలోంచి డ్రామా మాస్టారి గొంతు వినబడుతోంది. మా ఆయన పనిచేసే బడిలో పిల్లలకు నాటకాలు నేర్పే మనిషి, కొన్నవాళ్ళ మనిషి వేషానికి అద్దెకు తెచ్చిన సూటు తొడుక్కుని గంట ముందే వచ్చేశాడు, "మీ పనితనానికి మా సంస్థ తరఫున జోహార్లు" అని ఒకసారి గట్టిగా, ఒకసారి గద్గదంగా, ఒకసారి చెయ్యి గుండెల మీద పెట్టుకున్నట్టుగా వల్లిస్తున్నాడు, మా ఆయన సర్దిచెబుతున్నారు, "జోహార్లు వద్దు మాస్టారూ, అది పోయినవాళ్ళకు చెప్పేది." నవ్వొచ్చింది. మాస్టారిదే సరైన మాటేమో.

ఆ రోజు సోమవారం. హాల్లోకి వెళ్ళేసరికి పంతొమ్మిది మందీ పని లేక బెంచీలు తుడుస్తున్నారు, తుడిచినవే తుడుస్తున్నారు, ఒకప్పుడు అరవై రెండు మంది భుజం భుజం రాసుకుంటూ కూర్చున్న హాలు, ఇప్పుడు సగం బల్లల మీద తెల్లగుడ్డలు కప్పి ఉంటాయి, ఆ మధ్యగా నడుస్తుంటే ఎవరింట్లోనో పరామర్శకు వెళ్ళినట్టు కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి. మేస్త్రి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు, ఎంత తగ్గించినా ఆ హాల్లో అందరికీ వినబడుతుంది, వాచీ ముల్లు కదిలినా వినబడేంత నిశ్శబ్దంగా కట్టించాడు దాన్ని మా నాన్న, "అమ్మా, ఈ వారం దేని మీద కూర్చోమంటారు?" అన్నాడు. ముప్పై నాలుగేళ్ళుగా సోమవారం సోమవారం అడిగే ప్రశ్నే. పంతొమ్మిది తుడుపుగుడ్డలూ ఆగిపోయాయి. నా చేతిలో అప్పుడే వచ్చిన జవాబుంది, సముద్రం అవతల ఒక పెద్ద దుకాణానికి రెండు వందల కెమెరాలు తీసుకోండని బతిమాలుతూ రాశాను, మూడు వాక్యాల మర్యాద తర్వాత చివర్లో చూద్దాం అని ఉంది. చూద్దాం అంటే ఏమిటో పసిపిల్లలకు కూడా తెలుసు, బొమ్మ కొనమని అడిగితే అమ్మ చూద్దాం అందంటే ఆ బొమ్మ ఇక ఈ జన్మకు రాదు. నాకు యాభై మూడేళ్ళు. "ఆర్డరొచ్చింది, రెండు వందలు" అన్నాను. నోరు జారింది అనుకోవడానికి లేదు, అంకె కూడా చెప్పాను, నోరు జారేవాళ్ళు అంకె చెప్పరు. ఎవరో ఈల వేశారు, ఆ హాల్లో ఈల వినడం అదే మొదటిసారి. మేస్త్రి కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నాడు. ఆ ఒక్క నిమిషం, ఒట్టు, ఆ ఒక్క నిమిషం నేనూ నమ్మాను. రేపు చెబుదాం, కాదు, రేపటికల్లా నిజం ఆర్డరే ఏదో ఒకటి వచ్చేస్తుంది, అప్పుడు ఈ అబద్ధం కొంచెం ముందుగా చెప్పిన నిజం అయిపోతుంది. అలా ప్రతి సాయంత్రమూ ఒక రేపు. డెబ్బై నాలుగు రేపులు.

మా నాన్న అనేవాడు, పాడైపోయే వస్తువు చేసేవాడు రోజూ తింటాడు, పాడవని వస్తువు చేసేవాడు ఒక్కసారే తింటాడు అని. అని నవ్వేవాడు, అది జోకు అనుకుని మేమంతా నవ్వేవాళ్ళం. ఆయన చేసిన మొదటి కెమెరాలు ఇంకా పనిచేస్తున్నాయి, అదీ మా గొప్ప, అదే మా గొయ్యి. బ్యాటరీ ఉండదు, తెర ఉండదు, ఫిల్ము వేసుకోవాలి, వేలితో తిప్పుకోవాలి, అన్నీ ఇనుమూ ఇత్తడీ గాజూ, ఒక్కో కెమెరా ధరకు చిన్న కారొస్తుంది. మంచి రోజుల్లో మనుషులు వరసలో నిలబడి కొన్నారు. ఆ రోజుల్లోనే కదూ నాకు తల తిరిగింది, బంగారు పూత వేయించాను, నంబర్లు చెక్కించాను, లోకం మొత్తానికి ఇన్నే అని ప్రకటనలు ఇచ్చాను, ఒకాయన పదకొండు కొన్నాడు, ఆయన ఇంటికి భోజనానికి పిలిస్తే వెళ్ళాం, గాజు బీరువాలో పదకొండు పెట్టెలూ పేర్చి కింద దీపాలు పెట్టించాడు, ఒక్కదానికీ సీలు తీయలేదు, తీస్తే విలువ పోతుందండీ అన్నాడు, నేను తల ఊపాను, మా ఆయన మాత్రం భూగోళం పాఠం చెప్పే గొంతుతో "మరైతే లోపల కెమెరా ఉందని మీకెలా తెలుసు?" అని అడిగారు, కారెక్కాక ఆయన్ని చెడామడా తిట్టాను. ఇప్పుడనిపిస్తోంది, ఆ రాత్రి తిట్టాల్సింది నన్ను నేను. కాలం తిరగబడగానే మొదట అమ్ముడుపోయినవి ఆ బీరువాల్లోవే. ఉద్యోగం పోయినవాడు కెమెరా కొనడు, అది మామూలు కష్టం, దానికి ఓర్చుకోవచ్చు. కానీ డబ్బున్నవాడు కూడా ముందుగా వదిలించుకున్నది మమ్మల్నే, సీలు తీయని మా కెమెరాలు మా ధరలో సగానికి సంతలో కూరగాయల్లా కుప్పపోశారు, ఇక నా దగ్గరికొచ్చి కొత్తది ఎవడు కొంటాడు? మా కెమెరాకు పోటీ మా కెమెరాయే. చచ్చినా చావకుండా చేశాం వాటిని, చెక్కుచెదరకుండా తిరిగొచ్చి మా మీదే పడ్డాయి. దుకాణాల వాళ్ళు ఒక్కొక్కరే సరుకు వెనక్కి పంపారు. మా పెద్ద దుకాణం ఆయన, ఇరవై ఏళ్ళుగా నన్ను చెల్లెమ్మా అని పిలిచే మనిషి, అద్దాల్లోంచి మా బోర్డు దించేసి అక్కడ ఫోన్ల కవర్లు వేలాడదీశాడు, నేను వెళ్ళినప్పుడు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, "ఏం చేయమంటావు చెల్లెమ్మా, ఇవి రోజుకు నలభై పోతున్నాయి" అన్నాడు, తప్పు చేసినవాడిలా ఆ కవర్ల వైపు చూస్తూ. ఆయన తప్పేముంది.

ఎవరి తప్పూ లేని చోట మనిషికి అబద్ధం ఒక్కటే చేతికందుతుందేమో. లేదు, ఇది కూడా నన్ను నేను సమర్థించుకోవడమే.

మొదటి పాతిక కెమెరాలూ పూర్తయిన రోజు ప్యాకింగు చేసి లారీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. లారీ ఎక్కణ్ణుంచి వస్తుంది? కొన్నవాళ్ళ పద్ధతి వేరు, రహస్యంగా విడుదల చేస్తారట, అందుకని మనమే రైలు పార్సిలుకు చేర్చాలి అన్నాను, అప్పటికప్పుడు అల్లాను, నాలో ఇంత పనితనం ఉందని నాకే తెలియదు. సాయంత్రం మా ఆయన కారు తెచ్చారు. స్టేషను వైపు వెళ్ళి, వంతెన కింద కాసేపు ఆగి, చుట్టూ తిరిగి ఇంటికి. మెట్ల మీద నాలుగేసి పెట్టెలు మోసుకొస్తూ ఆయన మూడో అంతస్తు మలుపు దగ్గర ఆయాసంతో ఆగి, "దొంగలు సొమ్ము బయటికి మోస్తారు, మనం ఇంట్లోకి మోస్తున్నాం, దీన్నేమంటారో" అన్నారు. ఇల్లు ఎప్పుడో తాకట్టులోకి వెళ్ళింది, జీతాలు దానితోనే, ఆయనకు తెలుసు, ఒక్కసారి కూడా ఎందుకిలా అనలేదు. పోయిన వారం మాత్రం అన్నం ముందు కూర్చుని తినకుండా, "నేను బళ్ళో పిల్లాడెవడైనా ఇలా చేస్తే ఏం చేస్తానో తెలుసా?" అన్నారు. "ఏం చేస్తారు?" అన్నాను. "తెలీదు" అన్నారు. ఆయనే డ్రామా మాస్టారి సంగతి తెచ్చారు, తెచ్చిన మరునిమిషం నుంచీ నొచ్చుకుంటూనే ఉన్నారు, ఇప్పుడు కింద సూటు భుజాలు సరిచేస్తూ ఉన్నారు కాబోలు. మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు ఈ గదిలోకొచ్చి ఒక్కో పెట్టె విప్పి ఒక్కో కెమెరా బయటికి తీసి ఖాళీ షట్టరు నొక్కి మళ్ళీ పెట్టేసేదాన్ని, ఎందుకో, ఎవరూ నొక్కని కెమెరాల్లో లోపలి నూనె గట్టిపడిపోతుంది, అవి ఊపిరి బిగపట్టుకుని ఉన్నట్టనిపించేది. బయట ఎండ ఈ గోడ మీదికి ఎక్కింది. మూడుంబావు.

ఈరోజు పొద్దున్న. పొద్దున్న దాకా కూడా నేను ఈ గంటను ఎలాగోలా దాటేస్తాననే అనుకున్నాను. ఎనిమిదిన్నరకు చెవులపిల్లి తన బెంచీ దగ్గర నిలబడి జుట్టు బిగించి ముడేసుకుంటోంది. ఆ పేరు మా నాన్న పెట్టింది. వాళ్ళమ్మ షట్టర్ల బెంచీలో పనిచేసేది, బడి లేనప్పుడు దీన్ని వెంట తెచ్చుకునేది, నేనూ అది బల్లల కింద రాలిన స్క్రూలు ఏరే ఆట ఆడేవాళ్ళం, నాకు పదిహేను, దానికి ఆరు. ఒకరోజు నాన్న ఒక కెమెరా చెవి దగ్గర పెట్టుకుని షట్టరు నొక్కి, చప్పుడు విని బాగుంది అంటే ఇది బల్ల కిందనుంచే, "బాలేదు, చివర్లో తుమ్మింది" అంది. విప్పి చూస్తే స్ప్రింగు కొసన వెంట్రుకంత గరుకు. నాన్న దాన్ని ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టి, ఇదేం చెవులే నీవి, చెవులపిల్లీ అన్నాడు, అప్పటినుంచి నలభై నాలుగేళ్ళొచ్చినా అదే పేరు, జీతం కాగితం మీద అసలు పేరు రాస్తే ఎవరిదో అనుకుని పక్కన పెట్టేస్తారు. మా కంపెనీ అంటే ఏమిటయ్యా అని ఎవరైనా అడిగితే భవనమూ కాదు, నాన్న గీసిన బొమ్మలూ కాదు, దాని చెవులు. అది పొద్దున్న ముడేసుకుంటూ, జడపిన్ను పళ్ళ మధ్య పట్టుకుని, "అక్కా, నీకు చెప్పలేదు కదూ, ఆ ఆసుపత్రి మిషన్ల కంపెనీ వాళ్ళు పిలిచారు నన్ను" అంది. "ఎప్పుడు?" "మూడు వారాలైంది. సన్న స్ప్రింగుల పని, నాలాంటివాళ్ళు ముగ్గురు కావాలన్నారు. పర్మనెంటు. ఇంటికే వచ్చారు, ఏమనుకున్నావు!" నేనేమీ అనుకోలేదు. "మరి?" "మరేంటి, రానని చెప్పా. రెండు వందల ఆర్డరు పెట్టుకుని ఎక్కడికి పోతాను, మేస్త్రి కొట్టడూ? మా ఆయన గొణిగాడు, మీ అక్క నీకేమన్నా రాసిచ్చిందా అన్నాడు. అక్క ఆర్డరు తెచ్చింది, అది చాల్దా అన్నా." పిన్ను తీసి జుట్టులో గుచ్చుకుంది. "ఆ మూడు ఉద్యోగాలూ...?" "నిండిపోయినట్టున్నాయ్ అప్పుడే. ఈ రోజుల్లో ఆగుతాయా ఎక్కడైనా." అని నవ్వింది. దాని మొగుడికి ఏడాదిగా పని లేదు. నవ్వి బల్ల ముందు కూర్చుని రెండు వందో షట్టరు చెవి దగ్గర పెట్టుకుంది, కళ్ళు మూసుకుంది.

అప్పటినుంచి ఏమీ తోచడం లేదు. తోచడం లేదు అంటే అన్నీ తోస్తున్నాయి, ఈ గదికి నిప్పంటుకుంటే, దొంగలు పడితే, నాకే ఏదైనా అయితే, మెట్ల మీంచి జారితే, ఆసుపత్రి మంచం మీద ఉన్నదాన్ని ఆర్డరేమైందని ఎవరు అడుగుతారు, ఛీ. ఇంతసేపూ నేను మోసేది నా బరువే అనుకున్నాను. నా ఇల్లు, నా పరువు, మా నాన్న పేరు, నేను వాళ్ళను కాపాడుతున్నాను, రెండున్నర నెలలు వాళ్ళ ముఖాల్లో వెలుగు నిలబెట్టాను, దానికోసం నేను నలిగిపోతున్నాను, ఇదీ నేను అద్దంలో చూసుకున్న నా బొమ్మ, ఎంత ముద్దుగా ఉందో! మునిగే పడవలో జనాన్ని కూర్చోబెట్టి ఒడ్డు ఇటేనని పాట పాడాను. వాళ్ళలో ఈత వచ్చినవాళ్ళు కూడా దూకకుండా ఆ పాట విన్నారు. ఇంకెంతమంది రానని చెప్పారో, ఎవరెవరి ఇళ్ళలో మా అక్క ఆర్డరు తెచ్చింది అన్న మాట మీద ఏమేం జరిగాయో. అడిగితే కదా తెలియడానికి. అడగడానికి భయం.

మధ్యాహ్నం మా ఆయన ఇంకో దారి చెప్పారు. చాలా తేలికైన దారి, వింటుంటే నోరూరింది నాకు. "రద్దయిందని చెప్పు. ఆఖరి నిమిషంలో వెనక్కి పోయారు, బయట ఇంత మాంద్యం ఉంది, రోజూ పేపర్లో అవే వార్తలు, ఎవరైనా నమ్ముతారు. సరుకు రైల్లోంచే తిరిగొచ్చిందను." నిజమే, ఎంత చక్కగా అతుకుతుంది! లేని దుకాణాన్ని అందరం కలిసి తిట్టుకోవచ్చు. మేస్త్రి నా భుజం తట్టి, మీరేం చేస్తారమ్మా, మీ ప్రయత్నం మీరు చేశారు అంటాడు. చెవులపిల్లి నా పక్కన కూర్చుని ఏడుస్తుంది, నాకోసం కూడా ఏడుస్తుంది, అది తలరాత అనుకుని ఇంటికి పోతుంది, మొగుడు గొణిగితే మా అక్క మాత్రం ఏం చేస్తుంది అని నన్నే వెనకేసుకొస్తుంది. బతికినంతకాలం వెనకేసుకొస్తుంది. నేను దాని ఇంటికి వెళ్ళినప్పుడల్లా కుర్చీ తుడిచి వేస్తుంది. ఆ కుర్చీలో కూర్చోగలనా? కూర్చోగలను, అదే నా భయం, కొన్నాళ్ళకు హాయిగా కూర్చుంటాను, నేనే నమ్మేస్తాను, ఆర్డరుంది పాపం వాళ్ళు రద్దు చేశారు అని, మొదటి రోజు ఒక్క నిమిషం నమ్మలేదూ?

లేచాను. మోకాలు పట్టేసింది, బీరువా పట్టుకుని నిలబడ్డాను, ఒక పెట్టె జారి నేల మీద పడింది, తీసి చూడలేదు. మూడున్నర దాటింది. మెట్లు దిగేసరికి డ్రామా మాస్టారు గభాలున లేచి సూటు గుండీ పెట్టుకుని, "అమ్మగారూ, ఒక్క సందేహం, ఈ షట్టరు అంటే లోపలిదా బయటిదా, ఎవరైనా అడిగితే బాగోదు" అన్నాడు. నిజాయితీగల మనిషి, జేబులోంచి కాగితం తీశాడు, నాలుగు పేజీలు, సొంతంగా రాసుకొచ్చినట్టున్నాడు. "మీరు రానక్కర్లేదు మాస్టారూ" అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది, "నేను బాగా చేయననా?" అన్నాడు. "బాగా చేస్తారు. అందుకే వద్దు." మా ఆయన నా వైపు చూశారు. "రద్దయిందని చెబుతావా?" అన్నారు, నేను తల అడ్డంగా ఊపాను, ఆయన చెప్పుల కోసం చూసుకుంటుంటే, "మీరు కూడా వద్దు, మీరుంటే మీ వెనక్కి వెళ్తాను" అన్నాను.

పది నిమిషాల నడక. మూసిన షట్టర్ల మీద అద్దెకు అని రాసిన వీధి, మూసిన షట్టర్లు అనుకోగానే నవ్వొచ్చింది, ఇవి తెరుచుకోవు, మావి సెకనులో వెయ్యో వంతు తెరుచుకుని మూసుకుంటాయి, అంతసేపు చాలు మనిషి ముఖం పట్టుబడడానికి. బట్టల దుకాణం ఆవిడ ఖాళీ దుకాణం ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది, బాగున్నారా అంది, బాగున్నాను అన్నాను, చూడండి, దాన్ని కూడా అబద్ధాల్లో కలపాలా వద్దా. మొదటి మాట ఏది? మిమ్మల్ని మోసం చేశాను. కాదు. ఒక పొరపాటు జరిగింది. జరగలేదు, చేశాను. కాలం బాగాలేక. కాలాన్ని పక్కన పెట్టు. నాన్న ఉంటే ఏమనేవాడు, అనేవాడు కాదు, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేవాడు, ఆయన కళ్ళజోడు తీస్తే నేను మసకగా కనిపిస్తానని తెలిసీ భయం వేసేది. గేటు. గేటుకు ఎవరో రంగుకాగితాల తోరణం కట్టారు. వాచ్‌మన్ నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూశాడు.

హాల్లో పంతొమ్మిది మందీ వరసగా నిలబడి ఉన్నారు, తెల్లటి ఏప్రన్లు, ఇస్త్రీ మడతలు కూడా కనిపిస్తున్నాయి. మేస్త్రి గడ్డం గీసుకుంటూ మెడ దగ్గర గాటు పెట్టుకున్నాడు. బల్ల మీద పచ్చగుడ్డ, దాని మీద రెండు వందోది, పక్కన చిన్న గాజు పళ్ళెంలో ఒకే ఒక్క స్క్రూ, స్క్రూడ్రైవరుకు ఎర్ర రిబ్బను. "వాళ్ళ మనిషి బయట ఉన్నారా అమ్మా? తీసుకురానా?" అన్నాడు మేస్త్రి. దారిలో అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "ఎవరూ లేరు మేస్త్రీ" అన్నాను. "ఎవరూ రారు. ఆర్డరు లేదు. ఎప్పుడూ లేదు. నేను అబద్ధం చెప్పాను. మీరు చేసినవన్నీ మా ఇంట్లో ఉన్నాయి, మా అత్తయ్య గదిలో."

వెనక వరసలో ఒకతను నవ్వాడు, జోకేమోనని, ఆ నవ్వును ఎవరూ అందుకోకపోవడంతో దగ్గుగా మార్చుకున్నాడు. మేస్త్రి బల్ల మీది స్క్రూ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అన్నీనా?" అన్నాడు. "అన్నీ." "మరి పార్సిలు..." "లేదు." "మరి జీతాలు?" "ఇల్లు తాకట్టు పెట్టాను. ఈ నెలతో అదీ అయిపోయింది. కంపెనీ ఇక నడవదు. ఆ రోజే చెప్పాల్సింది, మీరు అడిగిన రోజే." ఆయన కళ్ళజోడు తీయలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు, చేతులు తొడల మీద పెట్టుకున్నాడు, ముప్పై నాలుగేళ్ళలో ఆ చేతులు ఖాళీగా ఉండడం నేను చూడలేదు. "మా తమ్ముడి దగ్గర అప్పు తీసుకోబోయి ఆగాను, ఎందుకులే ఆర్డరుంది కదా అని గొప్పకు పోయాను" అన్నాడు, నాతో కాదు, నేలతో. లెన్సుల దగ్గర పనిచేసే ఆమె గోడ వైపు తిరిగి ఏప్రను అంచుతో ముఖం కప్పుకుంది. ఎవరో "ఛ" అన్నారు. ఒక్క ఛ. తిట్టమని కోరుకున్నాను, నిలబడి పడతాను, అదైనా చేతనవుతుంది, ఎవరూ తిట్టలేదు, ఒక్కొక్కరుగా ఏప్రన్ల ముళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టారు, ఆ నిశ్శబ్దంలో గుడ్డ రాసుకున్న చప్పుడు.

చెవులపిల్లి మాత్రం కదల్లేదు. దాన్ని చూడకుండా ఇంతసేపూ మిగతావాళ్ళను చూశానని అప్పుడు తెలిసింది. దగ్గరికొచ్చింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండును. "మూడు వారాల కింద నీకు తెలుసు" అంది. "తెలుసు." "పొద్దున్న నేను చెప్పినప్పుడు కూడా తెలుసు." "తెలుసు." "తెలిసి, మరి అని అడిగావు. మరి అని." దాని గొంతు పెరగలేదు, సన్నబడింది. "మా ఆయన ముందు నీ పేరు చెప్పి ఎగిరానే. ఇప్పుడింటికెళ్ళి ఏం చెప్పను? అక్క నన్ను బతికించాలని అబద్ధమాడిందని చెప్పనా?" క్షమించు అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, అది చాలా చౌకగా అనిపించింది, మింగేశాను. "ఏం చేయమంటావో చెప్పు" అన్నాను. "చెబితే చేస్తావా?" "చేస్తాను." నా ముఖంలోకి చూసింది. అంత దగ్గరనుంచి నేను దాని కళ్ళు చూసి ఎన్నేళ్ళయిందో, చూపు తగ్గుతున్నట్టుంది, కనుపాపల చుట్టూ బూడిదరంగు.

"రేపు పొద్దున్న నాతో ఆ కంపెనీకి రా. ఆ మేనేజరు ముందు నిలబడు. ఇది పొగరెక్కి వద్దనలేదు, నేను అబద్ధమాడితే నమ్మి వద్దంది అని చెప్పు. నీ నోటితో, నా ఎదురుగా. ఖాళీ లేదంటాడు. అన్నా సరే, చెప్పు. చెప్పాక వీళ్ళ పేర్లు కూడా చెప్పు, పద్దెనిమిది మందివీ, ఎవరి చేతికి ఏ పనొచ్చో ఒక్కొక్కళ్ళదీ చెప్పు. ఆయన లేచి వెళ్ళిపోయేదాకా చెప్పు."

"వస్తాను" అన్నాను.

"గేటు దాకా వచ్చి నసిగితే కుదరదు."

"లోపలికే వస్తాను. ఆయన వినకపోతే ఇంకో కంపెనీకి కూడా వస్తాను."

అది ఏప్రను విప్పి, మడిచి, తన బెంచీ మీద పెట్టింది, సంచీ భుజాన వేసుకుంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఏడుంబావుకు బస్‌స్టాపులో ఉండు. ఏడున్నర దాటితే నిలబడ్డానికి కూడా చోటుండదు."